పంపడానికి పోసినవి, ఉంచుకోవడానికి పోసినవి: చైనా రాజశాలల బంగారుపూత బౌద్ధప్రతిమలు

టిబెట్టులో వేళ్లూనిన వజ్రయాన బౌద్ధాన్ని చైనాను ఏలిన మూడు రాజవంశాలు, అంటే మంగోలుల యువాన్ వంశం, చైనీయులదే అయిన మింగ్ వంశం, మంచూల చింగ్ వంశం, వేరువేరు కారణాలతో ఆదరించాయి. ఆ ఆదరణ నీడలో పదమూడవ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి పద్దెనిమిదవ శతాబ్ది చివరిదాకా రాజాస్థానపు కార్ఖానాల్లో పోతపోసి బంగారు పూత పూసిన దేవతాప్రతిమలను కళాచరిత్రకారులు ఒక ప్రత్యేక సంప్రదాయంగా గుర్తిస్తున్నారు. ఆ ప్రతిమల్లో దేవతల రూపలక్షణాలు, ముద్రలు, ఆయుధాలు టిబెట్టువి. నడుము వంపు, కిరీటం, కంఠహారాల తీరు బీహార్, బెంగాల్ ప్రాంతాల పాల వంశకాలపు శిల్పం నుంచి నేపాల్ మీదుగా ఉత్తరానికి చేరినవి. వస్త్రపు అంచుల మడతలు, తుదిమెరుగులో కనిపించే ఓర్పు చైనావి. ఇన్ని దేశాల చేతులు ఒకే పీఠం మీద కలిసినా అతుకు కనిపించని ప్రతిమలు ఈ సంప్రదాయంలో కొన్ని ఉన్నాయి. అతుకులే కనిపించేవి ఇంకా ఎక్కువ ఉన్నాయి.

ఈ చరిత్రను సాధారణంగా దౌత్యంలో ఒక అధ్యాయంగా చెబుతారు. చక్రవర్తికి పడమటి సరిహద్దుల్లో శాంతి కావాలి, లామాకు పోషకుడు కావాలి, ప్రతిమ వారిద్దరి నడుమ చేతులు మారిన కానుక అంటారు. అందులో అబద్ధం లేదు, కాని అది ప్రతిమను చూడకుండానే చెప్పగలిగిన మాట. పట్టుబట్టలు, తేయాకు, వెండి కూడా ఆ పనే చేశాయి. దౌత్యమే సర్వస్వమైతే, గర్భగుడిలో ఎవరి కంటా పడని వీపు మీది వస్త్రపు కొసను సైతం ఎదుటి కంఠహారమంత శ్రద్ధగా తీర్చవలసిన పని లేదు. ప్రతిమ ఎవరి కళ్లముందుకు వెళ్లబోతున్నదన్న ఎరుకే దాని శరీరాన్ని నిర్ణయించిందన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం. మింగ్ చక్రవర్తి యోంగ్లె తన ప్రతిమలను చాలావరకు పంపడానికి పోయించాడు. చింగ్ చక్రవర్తి చియన్లుంగ్ చాలావరకు తన ప్రాసాదాల్లోనే ఉంచుకోవడానికి పోయించాడు. దేవతలు వారే, పోత పద్ధతి అదే, కొలతల శాస్త్రం దాదాపు అదే. అయినా ఒక చోట లోహం ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది, మరొక చోట నియమం ముందుగా కనిపించి దేవత తర్వాత కనిపిస్తుంది.

రాహుల్ సాంకృత్యాయన్ (1893–1963) స్మృతిలో చేస్తున్న ఈ ఉపన్యాసానికి ఈ విషయాన్ని ఎంచుకోవడానికి తగిన కారణం ఉంది. 1929కీ 1938కీ మధ్య ఆయన నాలుగుసార్లు టిబెట్టుకు వెళ్లి, భారతదేశంలో మూలం నశించిన సంస్కృత బౌద్ధగ్రంథాల తాళపత్రప్రతులను సాక్య, ఙోర్, షలు మఠాల్లో వెదికి పట్టుకున్నారు. ధర్మకీర్తి రచించిన ప్రమాణవార్తికపు సంస్కృత మూలం పండితలోకానికి మళ్లీ దక్కడంలో ఆ అన్వేషణకు పెద్ద పాలు ఉంది. ఆయన తెచ్చిన గ్రంథాలు, చిత్రపటాలు పాట్నా మ్యూజియానికి చేరాయి. తెలుగు పాఠకులు ఆయన్ను ‘ఓల్గా నుంచి గంగకు’ రచయితగానే ఎక్కువగా ఎరుగుదురు. నలందా, విక్రమశిల కూలిన తర్వాత భారతీయ బౌద్ధం ఏ దారిన పోయి ఎక్కడ తలదాచుకున్నదో స్వయంగా నడిచి చూసిన మనిషిగా ఆయనను తలుచుకోవడం అంతకంటె అవసరం. తాళపత్రాలు వెళ్లిన దారిలోనే ప్రతిమలూ వెళ్లాయి. ఆయన ప్రతులు వెదికిన సాక్య మఠంతోనే ఈ లోహశిల్ప చరిత్ర కూడా మొదలవుతుంది.

చరిత్రకు ముందు లోహాన్ని గురించి కొంత చెప్పుకోవాలి. వీటిని అలవాటు కొద్దీ కంచు ప్రతిమలంటున్నా, నిజానికి వీటిలో చాలావాటికి ఆ పేరు సరిపోదు. కంచు రాగి, తగరాల మిశ్రమం. నేపాల్ లోయలోని నేవార్ శిల్పులు దాదాపు స్వచ్ఛమైన రాగిలో పోసేవారు. మింగ్ ఆస్థానపు ప్రతిమలు ఎక్కువగా రాగి, జింకు కలిసిన ఇత్తడి. వాటిలో సీసం కూడా కొంత ఉంటుంది. ఈ భేదానికి కారణం బంగారు పూతలోనే ఉంది. తగరం, సీసం ఎక్కువైన లోహం మీద పూత సమంగా పట్టదు, మచ్చలు తేలుతుంది. స్వచ్ఛమైన రాగి మీద చక్కగా పడుతుంది. కాని స్వచ్ఛమైన రాగి కరిగినప్పుడు చిక్కగా ఉండి, వాయువును పీల్చుకుని, మూసలోని సన్నటి సందుల్లోకి సాఫీగా పారదు. ఇత్తడి ఆ రెండు చిక్కుల నడుమ ఒక దారి: వేళ్ల సందుల దాకా పారుతుంది, పూతనూ భరిస్తుంది. రాజశాలలో పనిచేసినవారు ఈ లెక్కను తరాల అనుభవంతో తేల్చుకున్నవారు. టిబెట్టులో ప్రతిమాలోహాన్ని ‘లిమా’ అంటారు. ఏ దేశపు లిమా ఏ రంగులో ఉంటుందో, దాని ప్రతిమలకు ముఖం, పీఠం ఎలా ఉంటాయో చెప్పే రచనలను పదహారవ శతాబ్దిలో పద్మ కర్పో వంటి పండితులు చేశారు. చైనా లిమాకు కూడా ఆ వర్గీకరణలో చోటు ఉంది. ప్రతిమను అందుకునేవారు ఎంత తెలిసినవారో దీనివల్ల అర్థమవుతుంది.

పోత పద్ధతి తెలుగునాట స్థపతులకు కొత్తది కాదు. శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానం అని పిలిచే మైనపు పోతే ఇది: ముందు మైనంతో ప్రతిమను పూర్తిగా తీర్చి, దాని మీద మట్టి పొరలు పొరలుగా మెత్తి ఆరబెట్టి, కాల్చి మైనాన్ని కరిగించి వదిలించాక మిగిలిన ఖాళీలో కరిగిన లోహాన్ని పోస్తారు. పెద్ద ప్రతిమకు లోపల మట్టి గర్భం ఉంచి లోహాన్ని పలచగా పోస్తారు. మూస పగలగొట్టాక పని సగమే అయినట్టు. ఉలితో, ఆకురాయితో ఆభరణాల అంచులను తీర్చి, పోతలో పడిన లొట్టలను అతికి, ఉపరితలాన్ని నునుపు చేయడం మిగతా సగం. యోంగ్లె కాలపు ప్రతిమల్లో ఈ రెండవ సగానికి ఇచ్చిన సమయం మొదటి దానికంటె ఎక్కువగా ఉన్నట్టు తోస్తుంది. నేపాలీ శిల్పి కిరీటంలో, హారంలో రత్నాలు పొదిగి మెరిపించే చోట మింగ్ శిల్పి సాధారణంగా రత్నాల జోలికి పోడు. హారపు పూసను, గొలుసు కొసన వేలాడే కుచ్చును అన్నిటినీ మైనంలోనే తీర్చి లోహంలో చూపిస్తాడు.

బంగారు పూతకు పాదరసం కావాలి. బంగారాన్ని పాదరసంలో కలిపితే వెన్నలాంటి ముద్ద తయారవుతుంది. శుభ్రం చేసిన లోహం మీద ఆ ముద్దను పులిమి నిప్పు మీద వేడిచేస్తే, 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే పాదరసం ఆవిరై పోయి బంగారం లోహాన్ని అంటిపట్టుకుని మిగులుతుంది. తర్వాత నున్నటి రాతితో గట్టిగా రుద్దితే మెరుపు వస్తుంది. పూత చిక్కబడాలంటే ఇదంతా మళ్లీ మళ్లీ చేయాలి. పాదరసపు ఆవిరి నరాలను, మూత్రపిండాలను దెబ్బతీసే విషం. రాజశాలల్లో ఆ పొగను పీల్చిన పనివారి పేర్లు ఏ పీఠం మీదా లేవు. బంగారు ముఖాన్ని చూసి చేతులు జోడించేటప్పుడు వారిని తలుచుకోవడం న్యాయం.

పూతతో ప్రతిమ పూర్తయినట్టు కాదు. లోపలి ఖాళీలో ధారణులు, అంటే మంత్రాక్షరాలు రాసిన కాగితపు చుట్టలు, ధాతువులు, ధాన్యం, సుగంధద్రవ్యాలు, నిలువుగా ఒక ప్రాణదండాన్ని ఉంచి, ప్రతిష్ఠ చేసి, పీఠం అడుగును రాగిరేకుతో మూసి, రేకు అంచును చుట్టూ కొట్టి బిగిస్తారు. ఆ రేకు మీద రెండు వజ్రాలు అడ్డంగా కలిసిన విశ్వవజ్రం గుర్తు చెక్కుతారు. ఆ మూత తెరవడం భక్తుడి దృష్టిలో ప్రాణం తీయడంతో సమానం. ఈనాడు మ్యూజియాల్లోనూ అమ్మకపు శాలల్లోనూ కనిపించే ప్రతిమల్లో ఎన్నింటికో అడుగు మూత లేదు. లోపల విలువైనవి ఉంటాయన్న ఆశతో ఎవరో ఒకప్పుడు పెకలించారు.

చరిత్ర 1260తో మొదలవుతుంది. కుబ్లాయ్ ఖాన్ తన గురువైన సాక్య మఠపు ఫగ్పా లామాకు టిబెట్టులో బంగారు స్తూపం కట్టించే పని అప్పగించగా, అందుకు నేపాల్ నుంచి శిల్పులను కోరారు. వంద మంది కావాలంటే ఎనభై మంది దొరికారు, వారికి నాయకుడిగా ముందుకు వచ్చిన అరనికో వయసు చైనా లెక్కలో పదిహేడేళ్లు. పని ముగిశాక ఫగ్పా అతన్ని ఆస్థానానికి తీసుకెళ్లాడు. అక్కడ సూదివైద్యం నేర్పడానికి సోంగ్ వంశకాలంలో చేసిన, నాడీమార్గాలు గుర్తించి ఉన్న కంచు మనిషిబొమ్మ పాడైపోయి ఉంటే, ఆస్థానంలో ఎవరూ పూనుకోని ఆ మరమ్మతును అరనికో 1265 నాటికి పూర్తి చేశాడు. 1271లో మొదలై 1279లో ముగిసిన బీజింగ్ మియావోయింగ్ ఆలయపు తెల్ల స్తూపం అతని రచన. సుమారు 51 మీటర్ల ఎత్తున అది ఇప్పటికీ నిలిచి ఉంది. 1273లో ఆస్థాన శిల్పులందరి మీద అధికారిగా నియమితుడై, 1306లో అక్కడే మరణించాడు. అతని దగ్గర భారతీయ తీరు ప్రతిమల నిర్మాణం నేర్చిన లియు యువాన్ అనే చైనీయ శిల్పి తర్వాత ప్రసిద్ధుడయ్యాడు. అరనికో చేసినవని ఖాయంగా చెప్పదగిన లోహప్రతిమలు మిగల్లేదు. బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో 1305 తేదీ వేసిన మంజుశ్రీ వంటి కొద్ది ప్రతిమలే ఆ యువాన్ దశకు సాక్ష్యం. వాటిలో నేవారీ ముఖానికీ చైనా వస్త్రానికీ మధ్య సయోధ్య ఇంకా కుదరలేదు.

అది కుదిరింది యోంగ్లె చక్రవర్తి కాలంలో. 1402లో అన్న కొడుకును గద్దె దించి సింహాసనం ఎక్కిన ఇతనికి తన అధికారం ధర్మబద్ధమని నలుగురికీ కనిపించడం అవసరమైంది. టిబెట్టు మీద సైనికంగా ఏ పట్టూ లేని మింగ్ పాలకులకు లామాల స్నేహం రాజకీయంగా విలువైనదే. ఇవి రెండూ ఒప్పుకోవలసిన కారణాలు. కాని యువాన్ పాలకుల్లా సాక్య శాఖ ఒక్కదాన్నే దగ్గరికి తీయకుండా, అతడు మూడు ప్రధాన శాఖల పెద్దలనూ పిలిచాడు. హౌ షియన్ అనే అంతఃపుర అధికారిని పంపి ఆహ్వానించిన అయిదవ కర్మపా దెషిన్ షెక్పా 1407లో నాన్‌జింగ్ చేరి, లింగ్గు ఆలయంలో చక్రవర్తి తల్లిదండ్రుల కోసం పరలోకక్రియలు జరిపించాడు. ఆ రోజుల్లో ఆకాశంలో కనిపించాయన్న అద్భుతాలను రోజువారీగా చిత్రించి, చైనీయం, టిబెటన్, మంగోలు సహా అయిదు భాషల్లో వివరం రాసిన, దాదాపు 50 మీటర్ల పొడవున్న పట్టు చిత్రపటం లాసాలో భద్రంగా ఉంది. సాక్య శాఖ నుంచి కుంగా తషీ 1413లో వచ్చాడు. గెలుగ్ శాఖాస్థాపకుడు త్సోంగ్‌ఖపా 1408 నాటి ఆహ్వానాన్ని మర్యాదగా కాదని, తర్వాత తన శిష్యుడు షాక్య యేషేను పంపాడు. ఆ శిష్యుడు తిరిగి వెళ్లేటప్పుడు 1410లో చక్రవర్తి చెక్కించి అచ్చువేయించిన కంగ్యూర్‌ను, అంటే టిబెటన్ భాషలోని బుద్ధవచన సంపుటాలను, ఇతర కానుకలను తీసుకెళ్లి 1419లో లాసా దగ్గర సెరా మఠాన్ని నెలకొల్పాడు.

ఆ రాకపోకల వెంట వెళ్లినవే యోంగ్లె ప్రతిమలు. ప్రతిమకు ఎదురుగా, పద్మపీఠం పైభాగాన, ఆరు చైనా అక్షరాలు సన్నగా చెక్కి ఉంటాయి: మహా మింగ్ రాజ్యంలో యోంగ్లె కాలాన ప్రదానం చేసినది అని వాటి భావం. ఆనాడు చైనా రాత నడిచేది పైనుంచి కిందికి, లేదా కుడి నుంచి ఎడమకు. ఈ ఆరక్షరాలు మాత్రం టిబెటన్ లిపి నడిచే దిక్కున ఎడమ నుంచి కుడికి సాగుతాయి. చక్రవర్తి పేరు చెక్కిన గీతలోనే అందుకునేవారి చదువుకు మర్యాద చేసిన సందర్భం ఇది. రాజముద్ర వేసే చోట ఎదుటివారి అలవాటుకు తలవంచిన రాజులు చరిత్రలో ఎక్కువమంది లేరు.

ప్రతిమ శరీరం అంతకంటె ఎక్కువ చెబుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న యోంగ్లె కాలపు పెద్ద శాక్యముని ప్రతిమనే తీసుకుంటే, వెడల్పైన ముఖం, సగం వాలిన కనురెప్పలు, పెదవుల మూలల్లో మొదలై చెంపల దాకా పాకని చిరునవ్వు, నేలను తాకుతున్న కుడిచేతి వేళ్ల మృదుత్వం మొదట కంటపడతాయి. భారతీయ శిల్పంలోలాగా వస్త్రం ఒంటికి అంటుకుని ఉంటుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి చైనా తీరులో అలలు అలలుగా మడతలు పడి పీఠం మీద పరుచుకుంటుంది. ఆ రెండింటి కలయిక బలవంతంగా తోచదు, ఎందుకంటే మడత మొదలయ్యే చోట కింద మోకాలు ఉందన్న సంగతి శిల్పి మరవలేదు. ఈ కాలపు పద్మపీఠాలకు పైన కింద ముత్యాల వరస, సన్నగా పొడుగ్గా ఉండి కొస దగ్గర చుట్టుకున్న దళాలు, దళం చివర ముంగురులవంటి చిన్న అలంకారం ఉంటాయి. బోధిసత్త్వ ప్రతిమల్లో నడుము నుంచి తొడల మీదికి తోరణాలుగా వేలాడే పూసల గొలుసుల్లో ప్రతి గొలుసుకూ దాని బరువుకు తగిన వంపు ఉంటుంది. వీపు వైపు జడలు, వస్త్రపు కొసలు, పీఠపు దళాలు అన్నీ ముందువైపు ఉన్నంత పూర్తిగా ఉంటాయి.

ఇంత శ్రద్ధకు కారణం, ఆ ప్రతిమ వెళ్లబోయే చోట దాన్ని చూసే కళ్లు శిల్పి కళ్లకంటె తక్కువవి కాకపోవడం. సాక్యలోనో లాసాలోనో ఒక మఠాధిపతి ఆ ప్రతిమను పాల కాలపు బీహారీ ప్రతిమల పక్కన, కశ్మీరీ ప్రతిమల పక్కన, నేవారీ రాగి ప్రతిమల పక్కన నిలబెడతాడు. చేతి వేలి వంపులో లక్షణదోషం ఉంటే గుర్తిస్తాడు. చక్రవర్తి కానుక అయినంత మాత్రాన అది పూజలో నిలవదు. నిలిచాయనడానికి ప్రతిమల మీదే ఆనవాళ్లున్నాయి: టిబెట్టుకు చేరిన ఎన్నో ప్రతిమల ముఖానికి అక్కడి పద్ధతిలో జిగురుతో కలిపిన బంగారు పొడి పూత మీద పూత పడింది, కళ్లూ పెదవులూ రంగులతో దిద్దారు, జుట్టుకు నీలం వేశారు. రాజశాల మెరుగు మీద భక్తులు తమ పూత పూయడం ప్రతిమను సొంతం చేసుకోవడమే. కొందరు సంగ్రాహకులు దాన్ని తొలగించి అడుగు మెరుపును బయటపెట్టడం చరిత్రను గీకేయడంతో సమానమని గట్టిగా చెప్పాలి.

ఈ కాలంలో భారతదేశపు పాత్ర జ్ఞాపకమాత్రం కాదు. బోధగయ మహావిహారపు చివరి పెద్దల్లో ఒకడైన శారీపుత్రుడు యోంగ్లె ఆస్థానానికి చేరి, బోధగయ వజ్రాసన ఆలయపు నమూనాను, పంచబుద్ధుల ప్రతిమలను సమర్పించాడని చైనా ఆధారాలు చెబుతాయి. ఆ నమూనా మీద కట్టిన బీజింగ్ పంచస్తూప ఆలయం 1473లో పూర్తయింది. తెలుగునేలకూ ఇందులో నిజమైన సంబంధం ఒకటి ఉంది. శాక్యముని కాలచక్రతంత్రాన్ని ఉపదేశించింది శ్రీ ధాన్యకటక మహాస్తూపం దగ్గర, అంటే నేటి అమరావతిలో అని టిబెటన్ సంప్రదాయం విశ్వసిస్తుంది. యోంగ్లె రాజ్యం చేస్తుండగానే 1416లో త్సోంగ్‌ఖపా మరో శిష్యుడు లాసా దగ్గర స్థాపించిన ద్రెపుంగ్ మఠానికి ఆ ధాన్యకటకం పేరే పెట్టారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అభిషేకం జరిపింది ఈ విశ్వాసం వల్లనే. అమరావతి సున్నపురాతి శిల్పానికీ బీజింగ్ లోహశిల్పానికీ నేరుగా శైలీసంబంధం కల్పించడం మాత్రం తగదు. ఆ అనుబంధం తంత్రానిది, స్థలస్మృతిది.

షువాందె చక్రవర్తి (1426–1435) కాలపు ప్రతిమలు సంఖ్యలో తక్కువ, శరీరంలో బరువు, ముఖంలో గుండ్రదనం ఎక్కువ. ఆ తర్వాత రాజముద్ర గల కానుకలు పలచబడ్డాయి. తావో మతాభిమాని అయిన జియాజింగ్ చక్రవర్తి 1536లో రాజప్రాసాదంలోని బౌద్ధమందిరాన్నే కూలగొట్టించి ప్రతిమలను నాశనం చేయించాడు. ప్రాసాదంలో ఉండిపోయినవి నశించి, టిబెట్టుకు వెళ్లినవి మిగిలాయి.

చింగ్ దశలో కథ మలుపు తిరుగుతుంది. మంచూలకు మంగోలులతో బంధుత్వం ఉంది, మంగోలులకు టిబెట్టు బౌద్ధంతో విడదీయరాని బంధం ఉంది. కాంగ్షి చక్రవర్తి 1686లో తన నాయనమ్మ, మంగోలు వంశపు ఆడపడుచు అయిన షియావోజువాంగ్ కోసం చేయించిన చతుర్భుజ అవలోకితేశ్వర ప్రతిమ ఆ ఇంటి భక్తికి నిదర్శనం. 73 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ ప్రతిమ పీఠం మీద మంచూ, మంగోలు, చైనీయం, టిబెటన్ భాషల్లో లేఖనం ఉంది. వయసు మళ్లిన నాయనమ్మ రోజూ దండం పెట్టుకునే దేవుణ్ణి పోసినప్పుడు రాజశాల చేయి ఎంత మెత్తబడిందో అందులో తెలుస్తుంది. అదే కాలంలో మంగోలియాలో, స్వయంగా మఠాధిపతి అయిన జనబజర్ (1635–1723) శాలనుంచి వచ్చిన తారలు, ధ్యానిబుద్ధులు ఆ శతాబ్దికి శిఖరమన్నది ఈ ఉపన్యాసపు అభిప్రాయం. వాటి ముందు బీజింగ్ పనితనం తరచు చిన్నబోతుంది.

చియన్లుంగ్ చక్రవర్తి (పాలన 1735–1796) భక్తిని శంకించడానికి వీల్లేదు. తనకంటె కొద్దిగా చిన్నవాడైన రోల్పై దోర్జే లామా (1717–1786) దగ్గర 1745లో చక్రసంవర అభిషేకం పొందాడు. తండ్రి నివసించిన యోంగ్‌హెగోంగ్‌ను 1744లో మఠంగా మార్చాడు. తనను మంజుశ్రీ రూపంలో చిత్రింపజేసుకున్నాడు. 1742లో గోంపోజాబ్ అనే మంగోలు పండితుడు ప్రతిమామాన గ్రంథాన్ని టిబెటన్ నుంచి చైనీయంలోకి తెచ్చాడు. తాళం, అంటే పన్నెండు అంగుళాల ముఖపు కొలత, మన ఆగమశిల్పులకు పరిచితమైనదే. పది తాళాలు, అంటే 120 అంగుళాలు, బుద్ధుడికి. ఇవి ఆ ప్రతిమ ఎత్తులోనుంచే విభజించుకునే అంగుళాలు. కాలచక్ర సంప్రదాయం 125 అంటుంది. టిబెట్టులో దీని మీద పెద్ద చర్చే నడిచింది. ఇలా శాస్త్రం చేతిలో ఉండి, గురువు పక్కన ఉండి, నేపాలీ పనివారు పిలిస్తే వచ్చే స్థితిలో ఉండి, ధనానికి కొరత లేక, చియన్లుంగ్ శాలలు వేల ప్రతిమలను పోశాయి.

రాజప్రాసాదంలోని ఫాన్‌హువాలౌ, బావోషియాంగ్‌లౌ అనే రెండు మేడలు ఆ ఉద్యమపు హృదయాలు. పై అంతస్తులో ఆరు గదులు. ఒకటి ప్రజ్ఞాపారమిత శాఖకు, తక్కినవి క్రియ, చర్య, యోగ తంత్రాలకు, పితృ, మాతృ భేదం గల అనుత్తర తంత్రానికి. ఫాన్‌హువాలౌలో గదికి 122 చిన్న ప్రతిమల చొప్పున 732, గదికి తొమ్మిది పెద్దవి చొప్పున 54, మొత్తం 786. చిన్న ప్రతిమల పీఠం ముందు చియన్లుంగ్ కాలాన భక్తితో చేసినదన్న లేఖనం, వెనక దేవత పేరు ఉంటాయి. ఇది పోసిన లోహంలో రాసిన దేవతాకోశం. దీని పాండిత్యపు విలువ అపారం: బావోషియాంగ్‌లౌ ప్రతిమలకు 1926లో స్టాయెల్-హోల్‌స్టైన్ తీయించిన ఫొటోల ఆధారంగా వాల్టర్ యూజీన్ క్లార్క్ 1937లో హార్వర్డ్ నుంచి వెలువరించిన సంపుటాలు లేకపోతే వజ్రయాన దేవతలను గుర్తించే విద్య ఎంతో వెనకబడి ఉండేది.

అయినా కళగా వాటి ముందు నిలబడినప్పుడు కలిగే లోటును దాచుకోనక్కరలేదు. వందల దేవతలకు ఒకే ముఖం. పద్మదళాలు గదిగదికీ ఒకే అచ్చులో దిగినట్టుంటాయి. వీపు భాగం గూటి గోడకు ఆనుకుని ఉండబోతున్నదని శిల్పికి ముందే తెలుసు. చూసేవాడు ఒక్కడే, అతడు పోయించినవాడే. తప్పు పట్టే పరాయి మఠాధిపతి లేడు, పక్కన నిలబెట్టి పోల్చే కశ్మీరీ ప్రతిమ ఆ వరసలో లేదు. చియన్లుంగ్‌కే ఆ కొరత తెలిసినట్టు కొన్ని పనులు సూచిస్తాయి: టిబెట్టు నుంచి వచ్చిన పాత ప్రతిమలను ఆస్థానపు లామాల చేత పరీక్ష చేయించి, అవి ఏ లిమా అని చీటీలు రాయించి భద్రపరిచాడు, వాటికి నకళ్లు పోయించాడు. 1780లో తన డెబ్బయ్యవ పుట్టినరోజుకు ఆరవ పంచెన్ లామా రానున్నాడని చెంగ్దెలో ఆ లామా మఠమైన తాషిల్హున్పోకు పోలికగా ఆలయమే కట్టించాడు. లామా మశూచి సోకి ఆ ఏడే బీజింగ్‌లో కన్నుమూశాడు. ఆ రాకతో వచ్చిన తాషిల్హున్పో ప్రతిమల తీరు రాజశాలకు కొత్త నమూనా అయింది. కానుకల దారి తిరగబడింది: ఇప్పుడు టిబెట్టు పంపుతోంది, బీజింగ్ చూసి నేర్చుకుంటోంది. చియన్లుంగ్ కాలపు ప్రతిమల్లో ప్రాణం ఉన్నవి ఎక్కువగా ఇలా ఎదురుగా పెట్టుకుని పోసినవే.

ఇరవయ్యవ శతాబ్ది ఈ రెండు నిధులనూ చెదరగొట్టింది. 1860లో, 1900లో బీజింగ్‌లో జరిగిన విదేశీ సైన్యాల దోపిడీతో చైనా ప్రతిమలు బయటి దేశాలకు వెళ్లడం అప్పటికే మొదలైంది. సాంస్కృతిక విప్లవకాలంలో టిబెట్టు మఠాల ప్రతిమలు లారీలకెక్కి కరిగింపు కొలుములకు తరలాయి. 1980ల తొలినాళ్లలో రిబుర్ రిన్‌పోచే మొదలైనవారు బీజింగ్ గోదాముల్లో కరగకుండా మిగిలిన టన్నుల కొద్దీ ప్రతిమలను గుర్తించి లాసాకు తిరిగి చేర్చారు. రెండు ముక్కలైన ప్రతిమకు ఒక సగం బీజింగ్‌లో, రెండవ సగం లాసాలో దొరికి మళ్లీ ఒకటైన సందర్భం కూడా వాటిలో ఉంది.

మిగిలినవాటిని చదవడం నేర్పింది హెదర్ కర్మే 1975లో ప్రచురించిన తొలి చైనా-టిబెట్ కళాధ్యయనం, ఆ తర్వాత ఉల్రిక్ ఫాన్ ష్రోడర్ టిబెట్టు మఠాల్లో తిరిగి 2001లో వెలువరించిన బృహత్సంపుటాలు. ఇప్పుడు ఆ చదువు మరింత అవసరం. 2013లో హాంకాంగ్ వేలంలో ఒక యోంగ్లె శాక్యముని 23 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికినప్పటి నుంచి ఆరక్షరాలు చెక్కిన కొత్త ప్రతిమలు బజారును ముంచెత్తుతున్నాయి. అక్షరాలు చెక్కడం ఎవరికైనా సాధ్యమే. అందుకే తెలిసినవారు లేఖనాన్ని చివర చూస్తారు. ముందుగా ప్రతిమను వెనక్కి తిప్పి వస్త్రపు కొస నిజంగా ముగిసిందా అని చూస్తారు, పద్మదళాల వరస వీపు వైపు కూడా సాగిందా అని చూస్తారు, అడుగు రేకు అంచు ఏ పద్ధతిలో బిగిసి ఉందో చూస్తారు, తొడ మీద వేలాడే గొలుసు తన బరువుకు వంగిందా లేక లోహానికి అతికించినట్టు ఉందా అని వేలితో తడిమి చూస్తారు.